బిలంలో రెండో వెలుగు

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నా కళ్ళతో చూసింది. తాడు నా చేతుల్లో ఉండగా జరిగింది. మా అక్క సత్యవతి మీద ఒట్టు… అక్క తప్ప నాకు సొంతమనిషి అంటూ ఇంకెవరూ లేరు, కాబట్టి ఊరికే పెట్టే ఒట్టు కాదిది. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి. ఏమీ అనుకోను. చివరిదాకా విని, అదేమిటో మీకు తోస్తే మాత్రం చెప్పండి. ఇన్నేళ్ళయినా నాకు తోచలేదు.

స్టీల్ ప్లాంట్ ఇంకా కడుతున్న రోజులు. నేను హార్బర్లో డైవర్ని. ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడం, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న తాళ్ళు కోయడం, అప్పుడప్పుడు… నీళ్ళలో పడినవాళ్ళని వెతికి పైకి తేవడం. హార్బర్ నీళ్ళు తెలుసు కదా. నూనె, బురద. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడవు. అంతా తడుముకుంటూ చేసే పని. అలా నాకు చీకటంటే భయం పోయింది. పోయిందనే అనుకున్నాను.

మా బావ గణపతికి మల్కాపురంలో ఫొటో స్టూడియో ఉండేది. అక్క మొగుడు. చేతిలో పనితనం ఉన్న మనిషి, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆయనకి ఒక పిచ్చి… బెదిరిపోయిన ముఖాలు తీయడం. ఎవరో ముసలాయన ఫొటోకి వచ్చి, కండువా సర్దుకుని, కుర్చీలో బిగుసుకుని కూర్చునేవాడు. బావ నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "తాతా, కదలకు. నీ కాలికాడ పాముంది" అనేవాడు. క్లిక్. తర్వాత నవ్వేసి, మామూలు ఫొటో ఒకటి తీసి పంపించేవాడు. మొదటిది తన దగ్గర దాచుకునేవాడు.

"నవ్వు మొకం ఎవుడైనా తీత్తాడ్రా సూరీ," అనేవాడు నాతో. "నవ్వమంటే నవ్వుతారు. బయం అలక్కాదు. దాన్ని మనమే పుట్టించాల."

నా పేరు సూరిబాబు. ఆయన ఒక్కడే నన్ను సూరీ అనేవాడు.

ఒక్క సంగతి చెబుతాను, మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. మా అమ్మ పోయినప్పుడు కబురు ముందు స్టూడియోకి వచ్చింది. బావ ఇంటికి వెళ్ళాడు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆయన ఎండ ఎటునుంచి పడుతోందో చూసుకున్నాడు. కెమెరా సరిచేసుకున్నాడు. అప్పుడు… "సత్తెవతీ, మీ అమ్మ సచ్చిపోయింది" అన్నాడు.

ఆ ఫొటో స్టూడియో ముందు అద్దాల బీరువాలో పెట్టాడు. చేతిలో తడిచీర. సగం తెరుచుకున్న నోరు. ఇంకా నమ్మలేని కళ్ళు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. అక్క సరుకులకి వెళ్ళాలంటే ఆ ముందునుంచే వెళ్ళాలి. తల వంచుకుని వెళ్ళేది.

అలాంటి మనిషికి నీళ్ళ అడుగున ఫొటోలు తీయాలని పట్టింది. ఎక్కడో విదేశీ పత్రికలో చూశాడు. ఒక వర్క్‌షాపులో ఇత్తడి పెట్టె చేయించుకున్నాడు… ముందు దళసరి అద్దం, చుట్టూ రబ్బరు పట్టీ, లోపల కెమెరా. పెట్టె పక్కన గిన్నెలాంటి మెరుపుదీపం. ఇప్పటి ఫ్లాష్ లాంటిది కాదది. అందులో ఒక్కటే గాజుబల్బు పడుతుంది. ఒకసారి వెలిగితే దాని పని అయిపోయినట్టే. లోపల మాడి, గాజంతా తెల్లగా పొక్కిపోతుంది. దాన్ని చేత్తో ఊడదీసి ఇంకోటి పెట్టుకోవాలి. నీళ్ళలోనైనా అంతే. బావ నడుముకి వలసంచి కట్టుకుని, దాన్నిండా బల్బులు వేసుకునేవాడు. మరొక్కసారి చెబుతున్నాను… ఒకసారి వెలిగితే చేత్తో మార్చాలి. దానంతట అది మారదు.

నీళ్ళలో దిగడం నేనే నేర్పాను. రుషికొండ దగ్గర కొన్నాళ్ళు ప్రయత్నించాడు. సముద్రం మసక. ఫొటోలు బూడిదలా వచ్చాయి. "అద్దంలాటి నీరు గావాలి సూరీ" అని నా ప్రాణం తీశాడు. ఆనందపురం దాటి కొండలవైపు పోతే ఒక ఊట ఉందని, రాతి కిందనుంచి బిలంలోకి దారి ఉందని, సూది వేస్తే అడుగున కనబడేంత తేటనీళ్ళని నా నోటే వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కే.

"అయితే నువ్వు కూడా లోనికి రావాల. మనిసి నేకపోతే ఫొటో ఏటి?" అన్నాడు.

"నేను రాను బావా. రాతి కింద దారులు మంచివి కావు. పైకి లేద్దామంటే పైన ఆకాశం ఉండదు."

"రాపోతే మానీ." బల్బులు గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు. "మీ అక్కని దింపుతాను. అది నీరంటేనే బెదిరిపోద్ది. మొకం ఇంకా బాగొత్తాది."

నవ్వుతూ అనలేదు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది.  గుమ్మాన్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

వస్తానన్నాను.

తాడు పట్టడానికి సింహాచలాన్ని తీసుకెళ్ళాను. హార్బర్లో నేను దిగినప్పుడల్లా పైన తాడు పట్టేది అతనే. చుట్టం కాకపోయినా వరస కలుపుకుని నన్ను బావా అనేవాడు. డైవర్‌కీ పైవాడికీ మాటలుండవు, తాడే మాట. ఒకసారి గుంజితే బాగున్నానని. పైవాడు తిరిగి ఒకసారి గుంజుతాడు, సరేనని. ఆగకుండా వరసగా గుంజితే… పైకి లాగు, బేగి, తొందరగా లాగు అని. సింహాచలం చేతుల్లో తాడుంటే నేను ఓడ కింద నిద్రపోగలను. అలాంటి చెయ్యి.

జీపులో వెళ్ళాం. పొద్దు వాలుతోంది. పగటి వెలుగు బిలంలోకి వస్తే ఫొటో పాడవుతుందని బావ పట్టుబట్టి సాయంత్రమే బయల్దేరదీశాడు. కొండ మొదట్లో రాతి కింద చిన్న మడుగు. అందులోంచి గెడ్డ సన్నగా పొలాల్లోకి పారుతోంది. బెండతోటకి నీళ్ళు కట్టుకుంటున్న ఒక ముసలావిడ మమ్మల్ని, మా సిలిండర్లని వింతగా చూసింది. అప్పలకొండ అట పేరు.

"రేత్రేళ దిగుతారేటి బాబూ? పగలు దిగకూడదా?"

"నాకు సీకటే గావాలమ్మా," అన్నాడు బావ.

"ఊట ఒకలాగుండదు. ఒకోపాలి పొంగుతాది. ఒకోపాలి లోనికి పీల్సుకుంటాది. జాగర్త." ఆవిడ పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

సింహాచలం బావ నడుముకి తాడు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. దిగాం. ముందు బావ. వెనక నేను.

నీళ్ళు ఎముకలు కొరికే చల్లదనం. ఇరుకు దారి. రాయి భుజాలకి రాసుకుంటోంది. కొంచెం కిందికి… ఇంకొంచెం… ఉన్నట్టుండి గోడలు లేవు.

టార్చి తిప్పాను. జన్మలో అలాంటి నీళ్ళు చూడలేదు. నీళ్ళు ఉన్నట్టే తెలియడం లేదు. పెద్ద గది నడుమ గాల్లో వేలాడుతున్నట్టుంది. అడుగున తెల్లటి ఇసుక. అందులోంచి ఊట మెల్లగా పొంగుతోంది, పాలు మరిగినట్టు. మేం వదిలిన బుడగలు పైకి పోయి రాతికప్పుకి అంటుకుని, పాదరసంలా ఇటూ అటూ పరిగెత్తుతున్నాయి. ఒక్క నిమిషం నాకు భయం లేదు. బావ మీద కోపం కూడా లేదు. అందంగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

తెల్లగా మెరిసింది. బావ ఫొటో తీశాడు. మాడిన బల్బు ఊడదీసి వదిలాడు. అది తేలుకుంటూ పైకి పోయి కప్పుకి తగిలింది. టక్… నీళ్ళలో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. మన తలలోనే అయినట్టుంటుంది.

గోడవైపు తిరగమని సైగ చేశాడు. తిరిగాను. వీపు మీద సిలిండర్ దగ్గర చెయ్యి తగిలింది. పట్టీ సర్దుతున్నాడనుకున్నాను.

తర్వాతి ఊపిరి బరువుగా వచ్చింది. ఆ తర్వాతిది… రాలేదు.

గట్టిగా పీల్చాను. గొట్టం నాలుకని లాక్కుంది తప్ప గాలి లేదు. వెనక్కి తిరిగాను. బావ ఎదురుగా కెమెరా పట్టుకుని ఉన్నాడు. గొంతు మీద అడ్డంగా చెయ్యి పెట్టి చూపించాను… గాలి లేదు, గాలి లేదు అని. ఆయన తల ఊపాడు. తెలుసన్నట్టు.

మెరుపు.

అప్పుడు అర్థమయింది. నా సిలిండర్ మీట తిప్పి గాలి కట్టేశాడు.

తన్నుకుంటున్నాను. చెయ్యి వెనక్కి పెడితే మీట అందడం లేదు. ఆయన నింపాదిగా బల్బు ఊడదీశాడు. టక్. ఇంకోటి పెట్టాడు. మెరుపు. ఊడదీశాడు. టక్. ఇంకోటి… ముఖానికున్న అద్దం వెనక ఆయన కళ్ళు కనబడుతున్నాయి. కోపం లేదు. సరదా కూడా లేదు. స్టూడియోలో దీపాలు సర్దుకునేటప్పుడు ఉండే కళ్ళు, అంతే.

చూపు అంచుల్లో నల్లబడుతోంది. చేతులు నావి కానట్టున్నాయి. అప్పుడు… చాలా మెల్లగా… ఈదుకుంటూ నా వెనక్కి వచ్చి మీట తిప్పాడు.

గాలి వచ్చింది. ఆయన్ని కొట్టడానికి కూడా సత్తువ లేదు. తాడు వెంట చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ బయటికి వచ్చేశాను. మడుగు గట్టున పడి వాంతి చేసుకున్నాను. చీకటి పడిపోయింది. సింహాచలం తాడు ఒక చేత్తో పట్టుకునే నన్ను లేవదీశాడు. జరిగింది చెప్పాను.

"ఆడు మనిసేటి బావా?" అన్నాడు.

 లోపల్నుంచి తాడు ఒకసారి కదిలింది. బాగున్నానని. సింహాచలం పళ్ళు కొరుక్కుంటూనే తిరిగి ఒకసారి గుంజాడు. మడుగు అడుగున అప్పుడప్పుడు తెల్లగా మెరుస్తోంది… దూరపు ఉరుములేని మెరుపులా. నేను లేకపోయినా ఏదో తీస్తున్నాడు. తర్వాత మెరవడం మానేసింది.

చూశాం. చూశాం. గెడ్డ చప్పుడు. కీచురాళ్ళు. తాడు కదలడం లేదు.

"గాలి అయిపోయే ఏళయింది కదేటి?" అన్నాడు సింహాచలం.

అయిపోయే వేళే. నా సిలిండర్లో ఇంకా కొంచెం ఉంది. ఎంత తిట్టుకున్నా అక్క మొగుడు. వెళ్ళక తప్పదనుకుని గొట్టం నోట్లో పెట్టుకోబోతున్నాను.

అప్పుడు మడుగు అవతలి అంచున… రాతి నీడలో… తల లేచింది.

చప్పుడు లేదు. నీళ్ళు చిందలేదు. బావ మెల్లగా పైకి వచ్చి రాయి మీద కూర్చున్నాడు. టార్చి వేశాను. వీపున సిలిండర్ లేదు. నోట్లో గొట్టం లేదు. నడుముకి తాడు లేదు, బల్బుల సంచి లేదు.

గాలి అయిపోయి పైకి వచ్చినవాళ్ళని నేను చాలామందిని చూశాను. దగ్గుతారు, రొప్పుతారు, ముక్కునుంచి నెత్తురు కారుతుంది. ఈయన ఊపిరి పెరట్లో స్నానం చేసి వచ్చినవాడిలా మామూలుగా ఉంది.

"బావా… కెమెరా ఏదీ?"

నావైపు చూశాడు. "ఒగ్గీసేను" అన్నాడు.

ఆ కెమెరా మీద ఎవరి నీడ పడినా ఓర్చుకోని మనిషి. వదిలేశానని చేతులు దులుపుకున్నాడు.

సరే, తాడు విప్పుకుని వచ్చేశాడు కాబోలు అనుకున్నాను. సింహాచలం కూడా అదే అనుకుని తాడు చుట్టడం మొదలుపెట్టాడు. కొంచెం వచ్చింది. తర్వాత బిగుసుకుంది.

అప్పుడే… మడుగు వెలిగింది.

అడుగునుంచి. తెల్లగా. సింహాచలం ముఖం, నా పాదాలు, రాయి మీద పాచి… అన్నీ ఒక్కసారి కనబడి మళ్ళీ చీకటి. కళ్ళ ముందు పచ్చటి మచ్చ ఈదుతోంది.

సింహాచలం తాడు లాగడం ఆపాడు.

నేను మనసులో సర్దిచెప్పుకున్నాను. లోపల కెమెరా వదిలేశాడు. తీగల్లోకి నీళ్ళు పోయి ఉంటాయి. దాంతో బల్బు దానంతట అదే వెలిగింది. అలా జరుగుతుంది. జరగడం నేను చూశాను కూడా.

తాడు కదిలింది.

ఒకసారి.

సింహాచలం చేతికి అలవాటు… తను గమనించకుండానే తిరిగి ఒకసారి గుంజాడు.

ఆగింది. విన్నట్టు… ఆగింది.

ఆ తర్వాత గుంజడం మొదలైంది. ఒకటి వెంట ఒకటి. ఒకటి వెంట ఒకటి. ఆగకుండా. సింహాచలం మోకాళ్ళ మీద పడిపోయాడు. నేను వెళ్ళి తాడు పట్టుకున్నాను. నీళ్ళు లాగితే తాడు మొత్తం బరువెక్కుతుంది, మెత్తగా లాగుతుంది, మెత్తగా వదులుతుంది. ఇది అలా లేదు. మణికట్టు తిప్పి గుంజినట్టుంది. మధ్యమధ్య ఒక్క క్షణం ఆగుతోంది… మేం లాగుతామేమోనని చూస్తున్నట్టు. లాగకపోతే మళ్ళీ. ఇంకా గట్టిగా. ఇంకా తొందరగా.

"బావా, లోన ఎవులో ఉన్నారు…" సింహాచలం గొంతు పీలగా వచ్చింది. "మనిసి… మనిసే బావా ఇది. లాగు, లాగు."

ఇద్దరం లాగాం. వచ్చింది. బరువుగా, మెల్లగా, ఒక మూర… ఇంకో మూర. దారి మొదట్లోకి వచ్చినట్టే ఉంది. అక్కడ ఏదో అడ్డుపడింది.

మళ్ళీ వెలిగింది.

ఈసారి దగ్గరగా. రాతి పెదవి కిందే. నీళ్ళలోంచి వెలుగు నిలువుగా లేచి చెట్ల కొమ్మల దాకా తగిలింది.

 మొదటి వెలుగుకి నేను కారణం చెప్పగలను. రెండో వెలుగు రావాలంటే… ఎవరో మాడిన బల్బు ఊడదీయాలి. సంచిలో చెయ్యి పెట్టి ఇంకోటి తీయాలి. చీకట్లో, వేళ్ళతో తడుముకుంటూ, గిన్నెలో పెట్టి తిప్పాలి.

ఆ వెలుగులో బావ ముఖం చూశాను. రాయి మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. భయం లేదు. ఆశ్చర్యం లేదు. అలిసిపోయిన మనిషి వానకేసి చూస్తున్నట్టుంది.

లేచి వచ్చాడు. నా పిక్కకి కట్టుకున్న కత్తి ఒరలోంచి తీశాడు. నేను ఏమిటనే లోపే తాడు కోసేశాడు.

కోసిన కొస మా చేతుల్లోంచి జారి నీళ్ళలోకి పోయింది. చాలా వేగంగా పోయింది.

"ఇంక సాలు," అన్నాడు.

నేను గొట్టం నోట్లో పెట్టుకుని మడుగులోకి ఉరకబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దు సూరీ. మీ అక్క ఎదురు సూత్తాది. ఇంటికి పోదాం."

ఆ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. ఆ చెయ్యి చల్లగా ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదేమో. ఎప్పుడో బయటికి వచ్చి బట్ట చుట్టుకున్న నా వేళ్ళే ఇంకా కొయ్యబారి ఉన్నాయి. అంతసేపు ఆ నీళ్ళలో ఉన్న మనిషి చెయ్యి… వెచ్చగా ఉంది.

మడుగులో ఏదో టిక్కుమంది. టార్చి వేశాను. తెల్లగా పొక్కిన బల్బు ఒకటి తేలుకుంటూ వచ్చి రాతికి తగిలి, గెడ్డలో పడి పోయింది. దాని వెనక ఇంకోటి. బావ అంతకుముందు వదిలినవే అయివుండచ్చు. అయివుండచ్చు… మేం సామాను కూడా సర్దుకోలేదు. జీపెక్కేశాం. 

ఇంటి దగ్గర అక్క తలుపు తీసింది. అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన గుమ్మంలోనే ఆగి, "తిన్నావా?" అన్నాడు. అక్క నావైపు చూసింది. ఎందుకంటే ఆ మాట ఆయన నోటివెంట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

మర్నాడు స్టూడియోకి తీసుకెళ్ళమని ఆయనే అడిగాడట. అక్క తోడు వెళ్ళింది. అద్దాల బీరువా ముందు నిలబడి ఆ ఫొటో చాలాసేపు చూశాడట. తర్వాత అక్కతో, "ఈవిడెవులు? ఎందుకలా ఏడుత్తంది?" అన్నాడట.

"అడిగేడ్రా తమ్ముడా," అని నాకు చెప్పింది అక్క. "నన్నే అడిగేడు. నానేనని సెప్పేను. బీరువా తీసి ఫొటో ముక్కలు సేసీసేడు. సేతికి గాజు గుచ్చుకుంటే కూడా సూసుకోనేదు."

స్టూడియో అమ్మేశాడు. మద్దిలపాలెంలో కూరగాయల దుకాణం పెట్టాడు. మళ్ళీ కెమెరా ముట్టలేదు. గట్టిగా ఒక మాట ఎవరినీ అనలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మెదడుకి కాసేపు గాలి అందకపోతే మరుపు వస్తుంది, మనిషి స్వభావం కూడా మారచ్చు అన్నాడాయన. ఉంటుంది. నిజమే కావచ్చు.

నేను పట్టపగలు ఒక్కసారి వెళ్ళాను అక్కడికి. దిగలేదు. గట్టుమీదే నిలబడ్డాను. అప్పలకొండ గెడ్డలో కాళ్ళు కడుక్కుంటోంది.

"మీరు ఎల్లిపోనాక ఉండిపోనోలు ఎవులు బాబూ?" అంది నన్ను చూసి.

"ఎవరూ ఉండలేదమ్మా."

"అదేటి? తెల్లారగట్ల దాకా మడుగులో మెరుత్తానే ఉంది. కూసింతసేపు మెరిసీది, ఆగిపోయీది. మళ్ళీ మెరిసీది. ఆకరికి ఆగిపోనాది."

కొండమీద మెరుపులు చూసిందేమో. ముసలికళ్ళు. నాకు మాత్రం బావ సంచిలో ఎన్ని బల్బులున్నాయో తెలియదు… తెలుసుకోవాలనీ లేదు.

దిగింది ఇద్దరం. పైకి వచ్చింది ఇద్దరం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తప్పిపోయినవాడు లేడు. గెడ్డలో శవం తేలలేదు. మరి తాడు పట్టుకున్నదెవరు? సింహాచలాన్ని అడిగితే, "నీరు లాగింది బావా, ఊట లోనికి పీల్సింది" అంటాడు. కాకపోతే ఆ మర్నాటినుంచి అతను తాడు పట్టడం మానేశాడు. ఆటో నడుపుకుంటున్నాడు.

ఒకసారి ఉండబట్టలేక బావనే అడిగాను. దుకాణంలో వంకాయలు ఏరుతున్నాడు.

"ఆ రోజు తాడెందుకు కోశావు బావా?"

చేతిలో కాయ తిప్పి చూసి పుచ్చిన చోట గోటితో గీకాడు.

"ఆడు మంచోడు కాడు సూరీ," అన్నాడు. "ఆడ్ని అక్కడే ఉండనీ."

మారిన మనిషి తన పాత బుద్ధి గురించి అలాగే మాట్లాడతాడు. మా వీధిలో తాగుడు మానేసినవాళ్ళు కూడా అలాగే అంటారు… ఆడు వేరు, నాను వేరు అని. నేనూ అలాగే తీసుకున్నాను. పగలంతా అలాగే తీసుకుంటాను.

అక్కకి చాలాకాలం చెప్పలేదు. ఎలా చెప్పను? ఆవిడ ఒళ్ళు చేసింది. పువ్వులు పెట్టుకుంటోంది. కానీ ఒక మధ్యాహ్నం, బావ దుకాణంలో ఉన్నప్పుడు, చేపలు తోముతున్న అక్క పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. సిలిండర్ కట్టేయడం, రెండో వెలుగు, తాడు… అన్నీ. ఆవిడ తల ఎత్తలేదు. కత్తిపీట మీద చేప పొలుసు గీస్తూనే ఉంది.

"శానాసేపు లాగేడేటి?" అంది చివరికి.

"బావ తాడు కోసేదాకా అక్కా."

పొలుసు గీయడం ఆగింది. పెరటి గోడకి అవతల ఎక్కడో, కొండల్లో, ఏదో చూస్తున్నట్టు చూసింది. నాకు ఆవిడ ఏడుస్తుందేమోననిపించింది.

"అంత బేగి కోసీసేడేటి?" అంది.

వీధి తలుపు చప్పుడైంది. బావ వచ్చాడు. చేతిలో కొత్తిమీర కట్ట. "తమ్ముడొచ్చేడని ముందే సెప్పొచ్చు కదేటి, ఇంకో సేప తెద్దును" అన్నాడు అక్కతో. ఆవిడ నవ్వింది. పెళ్ళయ్యాక మా అక్క అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

ఆయన నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. గ్లాసు అందుకుంటుంటే వేళ్ళు తగిలాయి. వెచ్చగానే ఉన్నాయి.

తాగాను. ఏం చేయను మరి.